కాకికి ఇచ్చిన మాట

కామమ్మ చెల్లెలు పేరమ్మ విషజ్వరంతో పోయిన పదోరోజు, విడవలూరు కాలవగట్టున పిండం పెట్టి అందరూ ఎడంగా నిలబడ్డారు. సర్వి చెట్టు మీద కాకులున్నాయి గాని ఒక్కటీ దిగలేదు. పోయిన మనిషికి ఏదో కోరిక మిగిలిందన్నమాట. అది తీరుస్తామని ఎవరో ఒకరు మాట ఇస్తేగాని కాకి ముట్టదు.

"నీ బర్రెను అమ్మంలే వదినా, వచ్చి తిను," అన్నాడు మరిది గంగాధరం.

"ముక్కుపుడక నీ బిడ్డకేలేమ్మా," అన్నదొక ముసలామె.

"వక్కాకు మరిచిపోయినారేమోరా! అది నోట్లో లేకపోతే కన్నతల్లిని కూడా పలకరించేది కాదు," అని ఎవరో అంటే ఏడుస్తున్నవాళ్లు కూడా నవ్వారు. వక్కాకూ పెట్టారు. కాకి తల తిప్పుకుంది.

ఎండ ముదిరింది. ఇసకలో కాళ్లు కాలుతున్నాయి. చెల్లెలి కోరిక ఏదో కామమ్మకు మొదటినుంచీ తెలుసు. తెలిసే నోరు మెదపలేదు. చివరికి ఓపిక పట్టలేక ముందుకొచ్చింది.

"శేషును నా ఇంట్లో పెట్టుకుని హైస్కూలు దాకా చదివిస్తా పేరీ. దిగు తల్లీ."

కాకి దిగింది. మెతుకు మిగల్చకుండా తిన్నది.

పేరమ్మ ఒక్కగానొక్క కూతురు ఆదిశేషమ్మ అట్లా పెద్దమ్మ ఇంటికి వచ్చింది. ఐదో తరగతి దాకా బాగానే సాగింది. ఆరుకు వెళ్లాల్సిన ఏడు కామమ్మ కోడలు పురుడు పోసుకుంది. "ఈ ఒక్క సంవత్సరం ఆగమ్మా, నాట్లు అయిపోనీ," అన్నది కామమ్మ. మరుసటేడు బర్రె ఈనింది. ఆ పై ఏడు శేషు పెద్దమనిషైంది. "ఇంకేం బడే!" అన్నాడు కామమ్మ భర్త చెంచురామయ్య. కామమ్మ ఎదురు చెప్పలేదు. చెప్పడానికి మాట మాత్రం నోటిదాకా వచ్చింది.

శేషు ఏనాడూ అడగలేదు. బెల్లం కట్టిన కాగితం కనిపిస్తే మాత్రం మడత విప్పి, చివరిదాకా చదివి, పొయ్యిలో వేసేది. ఆ పిల్ల పెదవులు కదలడం కామమ్మ చూసేది. రోజూ తొలి ముద్ద గోడ మీద పెట్టేది. కాకి రాగానే తినేసిపోయేది. ఏమీ అడగకుండా తినడమే ఆమెకు మింగుడుపడేది కాదు. చెల్లెలు తృప్తిగా వెళ్లిపోయింది. మోసపోయానని కూడా తెలియకుండా వెళ్లింది. ఇప్పుడు ఏ గడపలో ఏ తల్లికి బిడ్డై పుట్టిందో! పిలిచి తప్పయిందని చెప్పుకోడానికి కూడా లేదు.

పందొమ్మిదివందల అరవై ఏడులో కామమ్మ మంచం పట్టింది. జావ తాగిస్తున్న శేషు చెయ్యి పట్టుకున్నది.

"ఆరోజు కాలవ దగ్గర నేనొక మాట ఇచ్చినా అమ్మీ..."

"నేనూ ఆడనే ఉండినా గదా పెద్దమ్మా. చూసినా. నీ మాటకే దిగింది."

కామమ్మ జావగిన్నెను పక్కకు నెట్టింది. తొమ్మిదేళ్లు! ప్రతి పురిటికీ, ప్రతి నాటుకీ ఈ పిల్ల ఆ మాటను లోపల పెట్టుకునే "సరే పెద్దమ్మా" అన్నది.

గోడవైపు తిరిగి అన్నది:

"నా పిండం కాడ కాకి రాకపోతే ఎవురూ ఏ మాటా ఇవ్వబాకండి. నువ్వు అసలే ఇవ్వబాక."

"మరి రాకపోతే?"

"రాకపోనీ. నన్ను అట్నే ఆకలితో ఉండనీ."

శేషు గిన్నెలో మిగిలిన జావను చెంచాతో కలుపుతూ కూర్చుంది. కాదనలేదు.