ప్రెసిడెంటుగారి కోసం కొన్న సీసా

మిరప కళ్ళంలో నులకమంచం మీద కూర్చొని, సమితి ప్రెసిడెంటు సీసా మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. వెంటనే మొహం పక్కకి తిప్పి, సీసాని మేనల్లుడి చేతికిచ్చాడు. మేనల్లుడు కూడా వాసన చూశాడు.

"ఆసుపత్రి వాసన మామా," అన్నాడు.

ప్రెసిడెంటు మా బావ వైపు చూశాడు. "ఏంది పంతులూ ఇది? మీ పల్లెలో తాగే టింక్చరు నాకు పట్టుకొచ్చావా?"

తాలుకాయలు ఏరుతున్న ఆడకూలీలు చేతులు ఆపారు. మీ పల్లె అంటే ఊరికి దక్షిణాన, చర్చి చుట్టూ ఉన్న మా ఇళ్ళు. ఆ సంగతి అక్కడున్న వాళ్ళందరికీ తెలుసు.

"టింక్చరు కాదండీ, స్కాచి విస్కీ అండీ. మా బామ్మర్ది సికింద్రాబాదు నుంచి తెచ్చాడండీ," అన్నాడు మా బావ. ఆ బామ్మర్దిని నేను. ఆయన పక్కనే నిలబడి ఉన్నాను.

"అట్నా. అయితే నువ్వు తాగు. తాగి చూపియ్యి."

ఆదివారం. పదకొండు దాటింది. మా బావ పొద్దున్నే చర్చిలో ప్రభువు బల్లలో రొట్టె, ద్రాక్షరసం పుచ్చుకొని, ఆ తెల్లచొక్కాతోనే ఇక్కడికొచ్చాడు. ఆయనకి అప్పటికి నలభై ఏళ్ళు. కల్లు చుక్క కూడా ఎరగడు. మేనల్లుడు గాజుగ్లాసులో మూడు వేళ్ళెత్తు పోసి అందించాడు. మా బావ గ్లాసు వంక చూశాడు, నా వంక చూడలేదు. కళ్ళు మూసుకొని, ఆముదం తాగే పిల్లాడిలాగా గటగటా తాగేశాడు.

వెంటనే దగ్గు పట్టుకుంది. ముందుకి వంగిపోయి, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకొని దగ్గాడు. కళ్ళ వెంటా ముక్కు వెంటా నీళ్ళు కారాయి.

"పోతాడేమో చూడండ్రా, మళ్ళా కేసు మన మీదకొస్తది," అన్నాడు ప్రెసిడెంటు. కూలీల్లో ఒకామె నవ్వింది. తర్వాత అందరూ నవ్వారు. మిగిలిన సీసాని మేనల్లుడు కళ్ళం గట్టు మీద ఒంపేశాడు.

ఇంతకీ మేమిద్దరం అక్కడికి ఎందుకు వెళ్ళామో చెప్పాలి.

అరవైల మొదట్లో ఎలిమెంటరీ బడులన్నీ పంచాయతీ సమితుల కిందికి వచ్చాయి. పంతుళ్ళ బదిలీలు సమితి ప్రెసిడెంటు చేతిలో పడ్డాయి. మా అక్కా బావా ఇద్దరూ టీచర్లు. మా పల్నాటి ఊళ్ళోనే ఒకే బడిలో పనిచేసేవాళ్ళు. ఒక జూన్ నెలలో బావని కృష్ణ ఒడ్డున ఉన్న ఊరికి బదిలీ చేశారు. బస్సు దిగి నాలుగు మైళ్ళు నడవాలి. వానాకాలంలో మధ్యలో వాగు పొంగితే ఆ నడకా లేదు. అక్క ఉన్న చోటే ఉండిపోయింది. బావ శనివారం పొద్దుగూకే వేళకి ఇంటికొచ్చి, ఆదివారం మధ్యాహ్నం అన్నం తిని వెళ్ళిపోయేవాడు. వాళ్ళ చిన్నపిల్లకి అప్పుడు ఏడాది. ఆయన ఎత్తుకుంటే ఏడ్చేది. ఆ బదిలీ రద్దు కావాలి. వాళ్ళకి కావలసింది అదొక్కటే.

దరఖాస్తు పెట్టారు. సమితి ఆఫీసు చుట్టూ ఏడు నెలలు తిరిగారు. చివరికి ప్రెసిడెంటు మేనల్లుడు బావని పక్కకి పిలిచి సంగతి చెప్పాడు.

"మా మామ యాభయ్యేళ్ళ దాకా ఏమీ ముట్టలేదు మేష్టారూ. ఇప్పుడు ప్రెసిడెంటయినాక డ్యాం కాడికి మీటింగులకి పోవాల్సి వస్తంది. ఆడ ఇంజనీర్లు, కాంట్రాక్టర్లు గెస్టుహవుసులో కూకొని గంట సేపు ఒక్క గ్లాసే చప్పరిస్తా మాట్లాడతారంట. మామ మొన్న ఒక్క గుక్కలో ఎత్తిపోసుకున్నాడు. వాళ్ళు మొహాలు మొహాలు చూసుకున్నారంట. అప్పట్నుంచి పట్టుదలగా ఉన్నాడు, నేర్చుకోవాలని. మంచి సీమసరుకు ఒక సీసా పట్టుకురండి. మీ బామ్మర్ది పేపరాయనగా, పట్నాలు తిరుగుతాడు."

మా జిల్లాలో మద్రాసు ప్రభుత్వ కాలం నుంచీ మద్యనిషేధం. కృష్ణ దాటితే నిషేధం లేదు, దుకాణాలు తలుపులు తీసే ఉంటాయి. మా వైపు మాత్రం చాటుగా కల్లు, అడవుల్లో కాచే సారా. అవీ దొరకనివాళ్ళు మందుల షాపులో టింక్చరు కొనుక్కొని నీళ్ళు కలిపి తాగేవాళ్ళు. పర్మిట్లున్న పెద్దవాళ్ళు ఇంకేవో తాగుతారని విన్నాం. అవి ఎట్లా ఉంటాయో, ఏ రంగులో ఉంటాయో చూసినవాళ్ళు మా బంధువుల్లో ఒక్కరు లేరు. తాగబోమని సంఘంలో ప్రమాణం చేసిన కుటుంబాలు మావి.

అక్క మొదట ఒప్పుకోలేదు. "బైబిలున్న ఇంట్లో సీసా పెడతామంట్రా?" అంది. రెండు వారాలు గడిచాయి. ఒక ఆదివారం బావ వెళ్ళిపోయాక, చిన్నపిల్లకి తల దువ్వుతూ నాతో అంది. "తెస్తే తే తమ్ముడూ. ఇంట్లోకి మాత్రం తేబాక. గడ్డివాములో పెట్టండి."

ఆ నెలలోనే పత్రికాఫీసు పని మీద హైదరాబాదు వెళ్ళాను. సికింద్రాబాదులో ఒక పార్శీ పెద్దాయన దుకాణముందని ఆఫీసులో ఎవరో చెప్పారు. ఆయన ముక్కు మీద కళ్ళజోడుతో ఉర్దూ పత్రిక చదువుకుంటున్నాడు. మంచి విస్కీ కావాలన్నాను. ఎవరికన్నాడు. మా ఊళ్ళో ఒక పెద్దమనిషికి బహుమతి అన్నాను.

"తాగుడు అలవాటున్నదా ఆయనకు?"

"లేదు. ఇప్పుడే మొదలుపెడుతున్నాడు."

ఆయన లోపలికి వెళ్ళి రెండు సీసాలు తెచ్చి బల్ల మీద పెట్టాడు. ఒకే కార్ఖానాలో, బార్లీ ఒక్కదానితోనే చేసినవట. మామూలు విస్కీలో పది రకాలు కలుపుతారట, వీటిలో కలపరట. సింగిల్ మాల్ట్ అనే మాట వినడం నాకు అదే మొదటిసారి. బార్లీ అంటే అప్పటిదాకా జ్వరం వచ్చినప్పుడు అమ్మ కాచి ఇచ్చే నీళ్ళే.

"కొత్తాయనకైతే ఇది తీస్కపో," అని మొదటి సీసా మీద వేలు పెట్టాడు. "తేనె లెక్క ఉంటది. గొంతుల గుచ్చదు. నీళ్ళు జర కలుపుకోమను, మెల్లగ తాగమను."

"మరి రెండోది?"

"గది సముద్రం నడుమ దీవిల చేస్తరు. చిత్తడి నేలల మట్టిగడ్డలు తవ్వి, ఎండబెట్టి, కాల్చి, ఆ పొగల గింజలు ఆరబెడతరు. పొగ వాసన, దవాఖాన వాసన కొడతది. తెలిసినోళ్ళు దానికి పానమిస్తరు. కొత్తోడు మూతి తిప్పుకుంటడు."

మూత తీసి వాసన చూడమన్నాడు. మా ఇంట్లో ఎవరూ ముట్టరని చెప్పి నేను వెనక్కి జరిగాను. ఆ మాట కొంత గర్వంగానే చెప్పినట్టు గుర్తు.

రెండిటి ధరా ఇంచుమించు ఒకటే. నేను రెండోది తీసుకున్నాను. కారణం ఇన్నేళ్ళ తర్వాత కూడా నాకు స్పష్టంగానే ఉంది. నేర్చుకునేవాడి సరుకు తీసుకెళ్ళి ప్రెసిడెంటు చేతిలో పెడితే, నీకు తాగడం రాదని మేమే ఆయన మొహం మీద చెప్పినట్టవుతుందనుకున్నాను. మా వైపు పెద్దవాళ్ళకి మెత్తటి పదార్థం పెడితే పళ్ళు లేవన్నట్టు. తెలిసినవాళ్ళు తాగేది ఇస్తే, తెలిసినవాడిగా ఎంచామని సంతోషిస్తాడనుకున్నాను. పెద్దాయన నన్ను కళ్ళజోడు మీదినుంచి చూసి, "నీ మర్జీ," అని కాగితంలో చుట్టి ఇచ్చాడు.

బస్సులో వాడపల్లి దాకా వచ్చి, బల్లకట్టు మీద ఏరు దాటాను. ఇటు ఒడ్డున నిషేధం పోలీసులు సంచులు వెతుకుతున్నారు. నా సంచిలో చొక్కాల కింద సీసా ఉంది. కానిస్టేబుల్ నా మొహం గుర్తుపట్టాడు. "పేపరాయనా, మీరు ఎల్లండి," అన్నాడు. వాళ్ళు సారా బట్టీలు పగలగొట్టినప్పుడల్లా మెచ్చుకుంటూ వార్తలు పంపింది నేనే.

అంతకు ఏడాది ముందు పంపిన మరో వార్త ఉంది. మా పల్లెలోనే ముగ్గురు కూలీలు టింక్చరు తాగి చనిపోయారు. నేను వెళ్ళి చూసి వచ్చాను. పోయినవాళ్ళ గ్లాసులు ఇంకా అరుగు మీదే ఉన్నాయి. ఆసుపత్రిలో పుండు కడిగేటప్పుడు వచ్చే వాసన కొడుతున్నాయి. నాలుగు వాక్యాల వార్తలో ఒక వాక్యం ఆ వాసన గురించి రాశాను, జనం జాగ్రత్తపడతారని. లోపలి పేజీలో వేశారు. మా ఊరికి వచ్చే ఒకే ఒక్క పత్రిక ప్రెసిడెంటు ఇంటికే వచ్చేది. ఆయన చదవగలిగినా మేనల్లుడి చేతే చదివించుకొని వినేవాడు.

కళ్ళంలో ఆ రోజు బావ దగ్గుతుండగా మేనల్లుడు నా వైపు వేలు చూపించి, "ఈయనే రాశాడు గదా మామా, ఆసుపత్రి వాసనొస్తే ముట్టొద్దని," అన్నాడు.

"రాసినోడే తెచ్చాడంటే ఏమనుకోవాల?" అన్నాడు ప్రెసిడెంటు.

అప్పుడు నేను మాట్లాడవలసింది. ఈ విస్కీ తీరే ఇంత, పొగతో చేస్తారు, మీకు సరిపడేది ఇంకొకటి ఉంది, దుకాణంవాడు అదే ఇవ్వమన్నాడు, ఎంచుకోవడంలో తప్పు నాది, పంతులుది కాదు అని చెప్పవలసింది. ఇవన్నీ అప్పుడు నా నోటి దాకా వచ్చాయి. చెబితే కొత్తవాడి సరుకు అనే మాట అంతమంది కూలీల ముందు అనాల్సి వస్తుంది. అంటే ఆయనకి కోపం వస్తుంది. ఇట్లా లెక్కలేసుకుంటూ నిలబడ్డాను. ఈలోగా బావ గ్లాసు మంచం కోడు పక్కన పెట్టి, కండువాతో మొహం తుడుచుకొని, "వస్తామండీ," అన్నాడు.

దారిలో, పొగాకు కాల్చే బ్యారన్ కొట్ల దగ్గరికి వచ్చాక ఆయన ఆగాడు.

"బామ్మర్దీ, అది నిజంగా మంచిదేనా?"

"మంచిదే బావా."

"ఇదుగో, ఈ బ్యారన్‌లో ఆకు మాడినప్పుడొచ్చే వాసనే. దీన్ని డబ్బు పోసి కొనుక్కొని తాగేవాళ్ళున్నారంటే..." అని తల ఊపాడు. ఇంకొంచెం నడిచాక, "అక్కతో తాగానని చెప్పబాక. నేనే చెబుతాను," అన్నాడు.

ఆయన చెప్పేలోపే కళ్ళంలో నవ్విన కూలీ చెప్పింది. ఆమె ఇల్లు మా చర్చి వెనకే. అక్క ఆ సాయంత్రం పొయ్యి వెలిగించలేదు. "ఆయన చేత తాగించి, నువ్వు చూస్తా నిలబడ్డావా?" అని నన్ను అడిగింది. తర్వాతి వారం సంఘ పెద్దలు కూర్చున్నారు. ఎందుకు తాగవలసి వచ్చిందో బావ చెప్పుకోలేదు. తాగారా అంటే తాగానన్నాడు. ఆరు నెలలు ఆయన్ని బల్ల దగ్గరికి రానివ్వలేదు. ఆ ఆరు నెలలూ వారం వారం నదిఒడ్డు నుంచి వచ్చి, వెనక బెంచీ మీద కూర్చొని, పళ్ళెం తనని దాటి పోతుంటే తల వంచుకునేవాడు. పిల్లల్లో పెద్దవాడు, నాన్నకెందుకు పెట్టరు అని గట్టిగా అడిగితే, అక్క వాణ్ణి బయటికి తీసుకెళ్ళింది.

ప్రెసిడెంటు మాత్రం తాగడం నేర్చుకున్నాడు. రెండేళ్ళ తర్వాత వార్త రాసుకోవడానికి డ్యాం దగ్గరికి వెళితే, గెస్టుహవుసు వరండాలో ఇంజనీర్ల మధ్య కనిపించాడు. గ్లాసు చేతిలో పెట్టుకొని నిదానంగా, కొంచెం కొంచెంగా చప్పరిస్తున్నాడు. నన్ను చూసి పక్కాయనతో ఏదో అన్నాడు. ఇద్దరూ నవ్వారు. ఏమన్నాడో నాకు వినిపించలేదు. నేను దగ్గరికి వెళ్ళి నమస్కారం పెట్టాను, వార్తకి ఆయన మాటలు కావాలి గనుక. ఆ వార్తలో ఆయన పేరు మూడుసార్లు రాశాను.

బావ ఏటా ఒక దరఖాస్తు పెట్టాడు. ఆ నదిఒడ్డు బడిలోనే తొమ్మిదేళ్ళు పనిచేశాడు. అక్క ఉద్యోగం మానుకొని అక్కడికి వెళదామంది. ఇద్దరి జీతాలు లేకపోతే పిల్లల చదువు సాగదని ఆయన వద్దన్నాడు. చిన్నపిల్ల పదేళ్ళదయ్యేసరికి ఆయన్ని చూసి ఏడవడం మానేసింది. అట్లాగని దగ్గరికీ వచ్చేది కాదు. గడప దాటి చుట్టం వచ్చినట్టు, కుర్చీ వేసి మంచినీళ్ళు తెచ్చిచ్చేది.

దుకాణంలో నేను వదిలేసిన సీసా సంగతి, ఆ పార్శీ పెద్దాయన ఏది తీసుకెళ్ళమన్నాడన్న సంగతి, బావకి నేను ఎప్పుడూ చెప్పలేదు.

ప్రెసిడెంటు ఓడిపోయాక మేనల్లుణ్ణి బస్టాండులో రెండుసార్లు కలిశాను. మొదటిసారి అడిగితే, "మామ ఆ బదిలీ రద్దు చేద్దామనే అనుకున్నాడు. ఆ వాసనే చెడగొట్టింది," అన్నాడు. రెండోసారి అడిగితే, "ఆ పోస్టు అప్పటికే మా వాళ్ళ పిల్లోడికి ఇచ్చేశాం గదా, సీసా ఉత్తదే," అన్నాడు. రెండుసార్లూ మామూలుగానే చెప్పాడు.

తర్వాత ఒక వార్త పని మీద సమితి ఆఫీసుకి వెళ్ళినప్పుడు, గుమాస్తాని బతిమాలి ఆ ఫైలు చూశాను. బావ మొదటి దరఖాస్తు మార్జినులో ప్రెసిడెంటు పెన్సిలుతో "చూడవలెను" అని రాసి సంతకం పెట్టాడు. తేదీ వెయ్యలేదు. దాని కింద రద్దు చేసినట్టుగానీ, నిరాకరించినట్టుగానీ ఇంకే రాతా లేదు.