దేవసహాయం మెచ్చిన రేడియో

గనులు మూతపడ్డాక మారికుప్పంలో పాత షార్ట్‌వేవ్ రేడియోలకు విలువ కట్టేది దేవసహాయమే. ముప్పై ఏళ్లు భూమి లోపల మందుగుండు పేల్చి ముప్పాతిక చెవుడు తెచ్చుకున్న మనిషి కనుక, ఆయనకు వినపడిన సెట్టు ఎవరికైనా వినపడుతుందని జనం నమ్మకం. సెట్టును ముందు వాసన చూస్తాడు, తర్వాత పసిబిడ్డలా భుజాన వేసుకుని ముల్లు తిప్పుతాడు. ఒకరోజు బూదికోట మునివెంకటప్ప, కొనాలా వద్దా చెప్పమని ఒక సెట్టు తెచ్చాడు. దేవసహాయం కళ్లు మూసుకుని తలాడించాడు. “కొలంబో స్టేషను వస్తా ఉండాదప్పా! ఆడమనిషి పాడతా ఉండాది. కళ్లు మూసుకుని కొనుక్కో.”

భార్య ఫిలోమినా సెట్టు వెనక మూత ఊడదీసి చూపింది. “ఏమయ్యా, దీంట్లో సెల్లులు యాడుండాయి?”

ఇన్నేళ్ల పేరు గంగలో కలిసేలా ఉంది. దేవసహాయం గొంతు సవరించుకున్నాడు. “సెల్లులు లేకుండానే ఇంత బాగా పాడతా ఉండాదే, ఇట్లాంటిది ఇంగ యాడ దొరుకుతాది?”

మునివెంకటప్ప ఆ సెట్టే కొన్నాడు, సెల్లుల ఖర్చు తప్పిందని సంబరపడుతూ.