కుజుడి మీది బండి, మా యశోద టీచర్

ఎండాకాలం రామన్నపేటలో గాలి లేచిందంటే మా మిద్దె మీది సోలార్ పలకలు దుమ్ముతో ఎర్రబడతాయి. ఈ పొద్దున తడిగుడ్డతో తుడుస్తుంటే ఎండిన మట్టి వాసన కొట్టింది. యశోద టీచర్ గుర్తొచ్చారు.

మా బడిలో ఆమె సైన్సు చెప్పేవారు. జాతకంలో కుజదోషం ఉందని వచ్చిన సంబంధాలన్నీ వెనక్కిపోయి ఒంటరిగా మిగిలారు. ఆ కుజుడి మీదనే ఆరు చక్రాల యంత్రపు బండి తిరుగుతున్నదని పేపర్లో వార్త వస్తే, ప్రార్థనలో చదివి వినిపించేవారు. ఓసారి అది పంపిన ఫొటో చూపించి, "చూసిన్రా, రాళ్లు, దుమ్ము. నా పెండ్లి చెడగొట్టింది గిదేనట!" అని నవ్వారు. మేమూ నవ్వాం. ఆ నవ్వు వెనక ఏముందో తెలిసే వయసు కాదు మాది.

మూడు నెలలు పనిచేస్తే చాలని పంపిన బండి ఏండ్లకేండ్లు నడిచింది. ఎండతో నడిచేది, దుమ్ము పడితే ఆగిపోదా అని అడిగాను. "అప్పుడప్పుడు గాలే వచ్చి తుడిచిపోతదమ్మా" అన్నారు.

తెలంగాణ వచ్చిన కొత్తలో నాకొక సంబంధం కుదిరింది. నా జాతకంలోనూ అదే దోషం. అబ్బాయి తరఫువాళ్లు షరతు పెట్టారు: ముందు నాకు అరటిచెట్టుతో పెండ్లి చేసి, ఆ చెట్టును నరికెయ్యాలి. ఒక పూట విధవను చేస్తే దోషం పోతుందన్నమాట! ఆడపిల్లను అవమానించడానికి ఆకాశాన్ని సాక్ష్యానికి పిలిచే ఈ బుద్ధిని ఏమనాలి? మా బాపు సరేనని మగ్గం దిగి, అరటిచెట్టు తేవడానికి కొడవలి పట్టుకొని బయల్దేరుతుంటే టీచర్ వచ్చి గడపలో అడ్డంగా నిలబడ్డారు.

"తమ్మీ, గా బండి ఇన్నేండ్ల సంది కుజుడి మీదనే పొర్లుతాంది. దానికి అంటని దోషం నీ బిడ్డకెట్ల అంటింది?"

మా అవ్వ ఊరుకుంటుందా! "నీ బండికేంది టీచరమ్మా, దానికి అత్తగారిల్లున్నదా?"

అందరం నవ్వాం. టీచర్ నవ్వలేదు.

"లేదవ్వా. నాకూ లేకపాయె."

బాపు కొడవలిని మూలకు విసిరేశాడు. ఆ సంబంధం పోయింది. తర్వాత జాతకం అడగని మనిషే దొరికాడు. పెండ్లిలో టీచర్ ముందు కుర్చీలో కూర్చున్నారు.

కొన్నేండ్లకు ఆ గ్రహమంతా దుమ్ము తుఫాను కమ్మింది. ఎండ అందక బండి మూగబోయింది. శాస్త్రవేత్తలు నెలల తరబడి పిలిచినా పలకలేదు. ఇక లేవదని తేల్చేశాక టీచర్ ఇంటికి పోయాను. పేపరు ఒళ్లో పెట్టుకొని కూర్చున్నారు. "ఒక్క మనిషి గుడ్డ పట్టుకొని పక్కన ఉంటే ఇంకా నడుస్తుండె" అన్నారు. బండి గురించే అన్నారు. నాకు మాత్రం, పెండ్లీడులో ఆమె కోసం గడపలో నిలబడేందుకు ఒక్కరూ లేకపోయారు గదా అనిపించింది. ఆ బాధ నాకు ఇప్పటికీ తీరలేదు.

టీచర్ ఇప్పుడు లేరు. జాతకాలు ఫోన్లలో కలుస్తున్నాయి. దోషం అందులోనూ బతికే ఉంది. నాలాంటివాళ్లం వేదికలెక్కి ఎంత కొట్లాడినా ఆ దుమ్ము మళ్లీ మళ్లీ పడుతూనే ఉంది. నిన్న సాయంత్రం మోత్కూరు నుంచి, ఒక సభలో నా మాటలు విన్న పిల్ల ఫోన్ చేసింది. "మేడం, మావోళ్లు రేపు అరటిచెట్టు తెస్తరట. మా బాపు మాట ఇన్తలేడు."

గుడ్డ పిండి తీగ మీద ఆరేశాను. మోత్కూరు బస్సుకు ఇంకా టైమున్నది గానీ, చెప్పులు వేసుకున్నాను.