మూసే ముందు లెక్క

ఆసుపత్రిలో లెక్కల సిస్టరంటే తెలియనివాళ్లు లేరు. ముప్పై ఒక్క ఏళ్లు ఆపరేషన్ థియేటర్లో నర్సుగా పనిచేసి రిటైరైంది. ఆసుపత్రి ఆమెను వదిలేసింది గానీ లెక్క మాత్రం వదల్లేదు. రెండేళ్ల క్రితం కూతురింటికి వచ్చి చేరిన నాటినుంచీ ఆ ఇంట్లో లెక్కకు రాని వస్తువంటూ లేదు. భోజనాలయ్యాక చెంచాలు లెక్కపెట్టేది. దండెం మీంచి బట్టలు తీస్తూ క్లిప్పులు లెక్కపెట్టేది. చీకటిపడ్డాక వీధి తలుపు గడియ వేసే ముందు, గుమ్మం దగ్గర విడిచిన చెప్పుల జతలు లెక్కపెట్టేది. కూతురు, అల్లుడు, మనవరాలు, తను. "నాలుగు" అని పైకే అనుకుని, అప్పుడు గడియ వేసేది.

అల్లుడికి ఇదంతా ఒళ్లు మండే వ్యవహారం.

"మీ అమ్మ నన్ను దొంగను చూసినట్టు చూస్తుందే. ఆఖరికి నా చెప్పులకు కూడా హాజరు పట్టీ!" అని భార్య దగ్గర గొణిగేవాడు.

ఆవిడ నవ్వేసి, వందసార్లు చెప్పిన సంగతే మళ్లీ చెప్పేది. ఒకసారి ఎవరిదో పొట్ట కుట్టబోతుంటే రక్తం అద్దే గాజుగుడ్డల లెక్కలో ఒకటి తగ్గిందట. పెద్ద సర్జను, ఊరంతా దండాలు పెట్టే మనిషి, "నేను చూశాను, లోపల ఏమీ లేదు, సూది ఇవ్వు" అని గద్దించాడట. అమ్మ సూదిని వెనక దాచుకుని నిలబడిందట. పదకొండు నిమిషాలు తిట్లు తిందట. చివరికి ఆ గుడ్డ కాలేయం కింద దొరికిందట. అల్లుడు ఆ కథ విన్నప్పుడల్లా తల ఊపేవాడు, నమ్మేవాడు కాదు. అత్తగార్ల గొప్పలు ఏ ఇంట్లో లేవు?

అతని పని రక్తపు శాంపిళ్లు మోయడం. చిన్న చిన్న క్లినిక్కుల్లో తీసిన గొట్టాలను చల్లపెట్టెలో పెట్టుకుని, వంతెన అవతలున్న పెద్ద ల్యాబుకు వేళకు చేర్చాలి. బండి ఉంటేనే ఉద్యోగం. ఆ బండికేమో క్లచ్ అరిగిపోయింది. వంతెన ఎత్తు ఎక్కుతుంటే ఇంజను గొంతు చించుకుంటుంది, చక్రం మాత్రం కదలనంటుంది. ఒక్క నెలలో రెండుసార్లు ఆలస్యమై శాంపిళ్లు పాడయ్యాయి. మూడోసారి జరిగితే పెట్టె అక్కడ పెట్టేసి ఇంటికి వెళ్లిపొమ్మని సూపర్వైజరు ముఖం మీదే చెప్పేశాడు. ఆదివారం మధ్యాహ్నం రెండింటికి డ్యూటీ. మెకానిక్ చూస్తే నాలుగు రోజులుగా ఊళ్లో లేడు. అల్లుడు కొత్త క్లచ్ ప్లేట్ల సెట్టు తెచ్చుకుని, ఫోనులో మూడు వీడియోలు చూసి, పొద్దున్నే వరండాలో బండిని స్టాండు వేసి చొక్కా చేతులు మడిచాడు. వీడియోలో ఇరవై నిమిషాల పని. వీడియోల్లో ఎవరి బోల్టూ పట్టేయదు కదా!

పాత బేసినులోకి ఇంజనాయిలు వంపుతుండగా లెక్కల సిస్టరు వచ్చింది. చేతిలో ఉతికి ఆరేసిన తెల్ల దుప్పటి. వరండా నేల మీద ముడతల్లేకుండా పరిచింది. మనవరాలి సుద్దముక్క ఒకటి పట్టుకుని పక్కనే పీట వేసుకు కూర్చుంది.

"అత్తయ్యా, ఇదేమన్నా ఆపరేషనా?" అన్నాడు.

"విప్పి మళ్లీ మూసేది ఏదైనా ఒకటే బాబూ. నువ్వు విప్పి ఇవ్వు. నేను సర్దుతాను."

వద్దంటే గొడవ. సరేనన్నాడు. కిక్ రాడ్ తీశాడు, కేబుల్ విడదీశాడు, కుడివైపు మూత బోల్టులు ఒక్కొక్కటే ఊడదీశాడు. పొడుగువీ పొట్టివీ కలిసి తొమ్మిది. ఏది ఏ చిల్లులోంచి వచ్చిందో ఆ వరసలోనే ఆమె దుప్పటి మీద పేర్చింది. మూత ఊడొచ్చాక, దాన్ని సరిగ్గా కూర్చోబెట్టడానికి ఇంజను అంచున నిలబడి ఉన్న రెండు చిన్న గొట్టం పిన్నులను వేలితో తాకి చూసింది. ఒక్కోటి చిటికెన వేలి గోరంత. క్లచ్ బుట్టలోంచి నాలుగు స్ప్రింగులు, వాటి నాలుగు బోల్టులు, పైన పలక, ఐదు ఒరిపిడి ప్లేట్లు, నాలుగు ఉక్కు ప్లేట్లు వచ్చాయి. అన్నీ నేల మీద సుద్దతో రాసింది.

"బోల్టులు తొమ్మిది. నువ్వూ చెప్పు."

"మీరు లెక్కపెట్టారుగా!"

"ఒకరు చెబితే అది లెక్క కాదు బాబూ. రెండోవాళ్లు వస్తువును చూస్తూ తిరిగి చెప్పాలి. నా మొహం చూడకు, బోల్టుల్ని చూడు."

చచ్చినట్టు చెప్పాడు. తొమ్మిది, రెండు, నాలుగు, ఐదు. బడిలో ఎక్కాలు అప్పజెప్పినట్టుంది అతనికి.

తరవాత, నూనె కారకుండా మూత కింద ఉండే పాత గ్యాస్కెట్ దగ్గర పని ఆగిపోయింది. ఆ అట్టముక్క అంచుకు అతుక్కుపోయి ఎంతకీ రాదు. బ్లేడుతో గీకీ గీకీ అతని తల ప్రాణం తోకకొచ్చింది. పొయ్యి మీద పాలు పొంగుతున్నాయని ఆమె లోపలికి వెళ్లిన ఆ పది నిమిషాలూ అతను విసుగంతా బ్లేడు మీద చూపించాడు. ఆమె తిరిగొచ్చేసరికి అంచు అద్దంలా మెరుస్తోంది. అప్పటికే నూనెలో నానబెట్టి ఉంచిన కొత్త ప్లేట్లను ఒకటి ఒరిపిడిదీ ఒకటి ఉక్కుదీ చొప్పున బుట్టలో పేర్చాడు. స్ప్రింగులు బిగించాడు. గడియారం చూస్తే ఒంటిగంట. గుండెల మీంచి బరువు దిగింది. మూత అందుకున్నాడు.

"ఆగు. లెక్క."

ఆమె సుద్ద గీతల వెంట చూసుకుంటూ వచ్చి గొట్టం పిన్నుల దగ్గర ఆగింది. ఇంజను అంచున ఒకటే ఉంది. రెండోది ఉండాల్సిన చోట ఖాళీ చిల్లు. దుప్పటి మీద లేదు, కింద లేదు, బేసినులో లేదు.

"ఒకటి లేకపోతే ఏం కాదత్తయ్యా. తొమ్మిది బోల్టులున్నాయి, మూత ఎక్కడికీ పోదు. ఇవ్వండి."

ఆమె బోల్టులు తొమ్మిదీ ఏరి గుప్పిట్లోకి తీసుకుని, చెయ్యి వెనక్కి పెట్టుకుంది.

"బయట లేకపోతే లోపలే ఉంటుంది."

"టార్చి వేసి చూశాను! లోపల ఏమీ లేదు! రెండింటికి వెళ్లకపోతే నా ఉద్యోగం పోతుంది, తెలుసా మీకు? ఇదేం చాదస్తం?" అని అరిచాడు. లోపలినుంచి భార్య పరుగెత్తుకొచ్చింది. పెళ్లైన ఇన్నేళ్లలో అతను అత్తగారి మీద గొంతు పెంచడం అదే మొదలు.

ఆమె ముఖంలో కోపం లేదు, నొప్పీ లేదు. "తిట్టుకో బాబూ, తరవాత మాట్లాడుకుందాం. ముందు ఇది దొరకాలి" అంది. కూతురి చేత తన పెట్టెలోంచి ఒక కొక్కెం మూతి పట్టకారు తెప్పించింది. రిటైరైన రోజు థియేటర్ వాళ్లంతా కలిసి ఇచ్చిన కానుక అది.

టీ తాగేటప్పుడు ఆమె కప్పు సాసరుకు కొట్టుకుని గలగలమనడం అతనికి రోజూ వినిపించేదే. ఆ చెయ్యి ఇప్పుడు పట్టకారు పట్టుకుని క్లచ్ బుట్ట వెనకాల, వేలు పట్టని సందులోకి దిగింది. వణుకు లేదు. ఆమె కళ్లు మూసుకుంది. పట్టకారు కొస లోపలి పళ్లచక్రం పంటిని తాకింది, జరిగింది, ఇంకో పంటిని తాకింది. లోపల ఎక్కడో టిక్కుమంది. ఆమె పెదవులు బిగిశాయి. మెల్లగా, ఒక్కో వెంట్రుకవాసి చొప్పున చెయ్యి బయటికి వచ్చింది. పట్టకారు కొసన నల్లటి నూనె కారుతూ గోరంత గొట్టం ముక్క.

"పెద్ద పళ్లచక్రం కింద, నూనె మడుగులో ఉంది. గీకేటప్పుడు ఊడి పడ్డట్టుంది" అంది.

అతను మూత పక్కన పెట్టి నేల మీద కూర్చున్నాడు. బండి కిక్ కొట్టగానే ఆ పిన్ను దొర్లకపోవచ్చు. వీధి మలుపు దాకా ఊరుకునీ ఉండొచ్చు. వంతెన ఎత్తు మీద, వెనక లారీ వస్తుండగా అది పళ్ల మధ్యకు ఎగిరి ఉంటే వెనక చక్రం ఉన్నపళాన బిగుసుకుపోయేది. తను మూత వేయబోయింది దాని మీద. ఆ రోజు పొట్ట కుట్టించుకున్న మనిషి ఎవరో ఇప్పటికీ ఎక్కడో తిరుగుతూ ఉండి ఉంటాడని మొదటిసారి అతనికి తోచింది. అలా ఎంతమంది? ముప్పై ఒక్క ఏళ్లు! ఎదురుగా పీట మీద కూర్చుని పట్టకారు తుడుచుకుంటున్న ఈ చిన్న మనిషికి లేచి దండం పెట్టాలనిపించింది, చేతుల నిండా నూనె.

"పిన్నులు రెండు" అంది ఆమె.

అతను పిన్నుల్నే చూస్తూ, "రెండు, అత్తయ్యా" అన్నాడు.

అప్పుడు ఆమె గుప్పిట తెరిచింది. మూత పడింది, కొత్త నూనె పడింది, కేబుల్ బిగిసింది. రెండింటికి మూడు నిమిషాల ముందు అతను మొదటి క్లినిక్కు గుమ్మంలో ఉన్నాడు. ఆ సాయంత్రం వంతెన ఎత్తును బండి నాలుగుసార్లు, మారు మాట్లాడకుండా ఎక్కింది.

ఎనిమిదిన్నరకు ఇంటికి వచ్చేసరికి వీధి తలుపు బార్లా తెరిచే ఉంది.

"ఎనిమిదైనప్పటినుంచీ మూడు, మూడు అంటూ అమ్మ గుమ్మం దగ్గరే తిరుగుతోందండీ. రోజూ ఇంతే, మీకు చెప్పొద్దంటుంది" అంది భార్య.

అతను చెప్పులు విడిచి మిగతా మూడు జతల పక్కన పెట్టాడు. లెక్కల సిస్టరు వంగి చూసింది.

"నాలుగు" అని పైకే అనుకుంది. రెండేళ్లుగా ఒంటరిగా అనుకుంటున్న మాటే.

అతను గుమ్మంలోనే నిలబడి, ఆమె మొహం చూడకుండా, చెప్పుల్నే చూస్తూ అన్నాడు.

"నాలుగు, అత్తయ్యా."

అప్పుడు ఆమె గడియ వేసింది.