ఖాళీ మేస్త్రీ, తల ఊపే బండి

మా కుట్టు కొట్టుకీ మేస్త్రీ షెడ్డుకీ మధ్య ఉన్నది నడుమెత్తు రేకు గోడ ఒక్కటే. నా మిషను చప్పుడు ఆయనకీ, ఆయన సుత్తి చప్పుడు నాకూ ఎంత అలవాటైపోయాయంటే, ఏ వైపు చప్పుడు ఆగినా రెండోవైపు నుంచి "ఏం, ఒంట్లో బాగోలేదా?" అని కేక వస్తుంది. ఆయన్ని అన్నయ్య అంటాను, ఆయన భార్యని వదిన అంటాను. మా మధ్య చుట్టరికం ఏమీ లేదు. ఆ గోడే చుట్టరికం.

వీధిలో అందరూ ఆయన్ని ఖాళీ మేస్త్రీ అంటారు. మోటారుసైకిలు ఏదైనా సరే, షెడ్డులోకి వచ్చిందంటే స్పానరు పట్టేముందు దాన్ని పూర్తిగా ఖాళీ చేస్తాడు. హ్యాండిలుకి తగిలించిన సంచి, సీటు కింద దాచిన గుడ్డ, వెనక కట్టిన గొడుగు, అన్నీ తీసి, పాత దుప్పటి పరిచిన అర మీద వరసగా పెడతాడు. "పరాయి వస్తువు. నా షెడ్డులో ఉన్నంతసేపూ దేవుడు నాకు అప్పగించినట్టే" అంటాడు.

అక్కడితో ఊరుకుంటే అది ఆ ఇల్లెలా అవుతుంది? టిఫిను డబ్బా కనిపిస్తే వదిన తోమి పెడుతుంది. సంచికి చిరుగు కనిపిస్తే గోడ మీదుగా నా ఒళ్లో వచ్చి పడుతుంది. రెండు కుట్లు వేసి పంపుతాను. ఒకసారి ఎవరిదో బండి పక్కడబ్బాలో పిల్లికూన దొరికింది. దానికి పాలు పోసి, సాయంత్రం యజమానికి అప్పగించబోతే, "ఇది నాది కాదండీ" అన్నాడాయన.

"మీ డబ్బాలోదే కదండీ. నేను ఉంచుకుంటే ఏం బాగుంటుంది?" అన్నాడు అన్నయ్య.

యజమాని ఎంత మొత్తుకున్నా అన్నయ్య వినలేదు. పిల్లి వెళ్లింది. ఇప్పుడది ఆయనింట్లో కుర్చీలో కూర్చుంటోందట, ఆయన చాప మీద కూర్చుంటున్నాడట.

ఇంక కాటాయన సంగతి. అంగళ్లలో తూకం కాటాలు బాగుచేసే పెద్దమనిషి. ఇనప తూనికరాళ్లు ఒక మందపాటి సంచిలో వేసుకుని, బండి మీద అంగడి అంగడికీ తిరుగుతాడు. రాయి పెట్టి చూసి, ముల్లు ఎటు మొగ్గుతోందో కనిపెట్టి, వెంట్రుకంత వాసి సర్దుతాడు. ఆ చేతులంటే నాకు గౌరవం. ఎందుకంటే మధ్యాహ్నం దాటితే నా కళ్లకి సూది బెజ్జం ఆనదు. ఆయన అటుగా పోతూ బండి ఆపి, "ఇలా తే అమ్మాయ్" అని దారం ఎక్కించి ఇచ్చి, తన దారిన తాను పోయేవాడు. నేనెప్పుడూ అడిగింది లేదు. ఆయనెప్పుడూ మరిచిందీ లేదు.

అలాంటి మనిషి ఈమధ్య ఒకరోజు నా కొట్టు దగ్గర ఆగకుండా పోయి షెడ్డు ముందు బండి దిగి, చేతులు జేబులో పెట్టుకుని, నేరుగా లోపలికి వెళ్లిపోయాడు.

"తమ్ముడూ, బండి తల ఊపుతోంది" అన్నాడు.

"ఎప్పుడూనా, అప్పుడప్పుడా?"

"మెల్లగా పోతే బుద్ధిగానే ఉంటుంది. కాస్త వేగం అందుకున్నామా, నేను రాను నేను రాను అన్నట్టు హ్యాండిలు అటూ ఇటూ కొట్టుకుంటుంది."

అన్నయ్య అలవాటు ప్రకారం ముందు బండిని ఖాళీ చేశాడు. రాళ్ల సంచిని అర మీదికి చేర్చే భారం వదిన మీద పడింది. రెండు చేతులా ఎత్తి, "అన్నయ్యగారూ, కాటాలు బాగుచేస్తారో, కొండలు మోస్తారో చెప్పండి" అంది.

తర్వాత వైద్యం మొదలైంది. టైర్లలో గాలి చూశాడు. స్పోకులు ఒక్కొక్కటే వేలితో మీటి, శబ్దం విన్నాడు. బండిని స్టాండు మీద ఎత్తి, ముందు చక్రాన్ని పట్టుకుని గుంజి చూశాడు. హ్యాండిలు మెడలోని బేరింగు విప్పి, కడిగి, గ్రీజు పెట్టి బిగించాడు. నా దగ్గర దారం తీసుకుని వెనక చక్రం నుంచి ముందు చక్రం దాకా సాగదీసి, రెండూ ఒకే గీతలో ఉన్నాయా అని నేల మీద బోర్లా పడుకుని చూశాడు. ఉన్నాయి. ఎక్కి అలా వెళ్లి వచ్చాడు.

"వెన్నలా పోతోంది అన్నగారూ" అన్నాడు.

వదిన సంచిని తుడిచి మరీ ఎక్కించింది. కాటాయన వెళ్లాడు. మర్నాడే తిరిగొచ్చాడు.

"ఊగుతోంది తమ్ముడూ."

మళ్లీ ఖాళీ. మళ్లీ గాలి, స్పోకులు, నా దారం. వెనక చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్కు బుష్షులు కూడా మార్చాడు. నడిపి చూస్తే ఊగదు. ఇంటికి పంపితే ఊగుతుంది. ఇలా కొన్నాళ్లు గడిచేసరికి ఆ బండిలో కొత్తది కానిది రంగొక్కటే మిగిలింది.

ఈసారి కాటాయనతో ఆయన భార్య కూడా వచ్చింది. బండి మీద కాదు, బస్సులో. బండి ఎక్కనని ఒట్టు పెట్టుకుందట. షెడ్డులోకి రాగానే తీర్పు చెప్పేసింది.

"బండికేం రోగం లేదు నాయనా. ఈయన చేతులే. వాళ్ల నాన్నగారిదీ ఇదే పని. చివర్లో చేతులు వణికి, రాళ్లు జారి, పని మానుకుని గుమ్మంలో కూర్చున్నారు. అందుకే రోజూ నిండా నీళ్లు పోసిన గ్లాసు ఇచ్చి గది ఈ మూల నుంచి ఆ మూలకి నడిపిస్తున్నా."

"తొణికాయా?" అంది వదిన ఆత్రంగా.

"నేను చూస్తూ ఉంటే తొణుకుతాయి. వంటింట్లోకి వెళ్లి వచ్చేసరికి గ్లాసు నిండుగానే ఉంటుంది."

"నువ్వలా కళ్లురిమి చూస్తే, ఎవరి చేతిలో అయినా తొణుకుతాయి" అన్నాడు కాటాయన. మాట సరదాగానే అన్నాడు గాని, బల్ల మీద కూర్చుని రెండు చేతులూ తొడల కింద పెట్టుకున్నాడు, చలికి పిల్లలు పెట్టుకున్నట్టు. అది చూశాక నేను మిషను తొక్కలేకపోయాను.

చప్పుడు ఆగేసరికి అన్నయ్య గోడ దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు.

"బండిలో ఏమీ దొరకలేదమ్మా. ఏమీ లేదని చెప్పానంటే ఇక మిగిలేవి ఆ చేతులే. ఆయనకి పనంటూ ఉందంటే ఆ చేతులతోనే కదా. ఆ మాట నా నోట ఎలా అనను?"

వెనక్కి వెళ్లి, బండి సీటు మీద చెయ్యి వేసి కళ్లు మూసుకున్నాడు. పెదవులు కదిలాయి. "స్వామీ, తప్పు ఇనుములోనే ఉండేలా చూడు" అనడం నాకు వినపడింది. ఇంతవరకూ బండి బాగుండాలని మొక్కే మేస్త్రీలనే చూశాను.

కళ్లు తెరిచి, "అన్నగారూ, ఈసారి మీరే నడపండి. నేను వెనక కూర్చుంటా" అన్నాడు.

వెళ్లారు. మేం ముగ్గురం ఆడవాళ్లం వీధి చివరకి చూస్తూ నిలబడ్డాం. ఎంతకీ రారు. వచ్చేటప్పుడు చూద్దుం కదా, కాటాయన కుర్రాడిలా వంగి, వేగంగా వచ్చి ఆపాడు.

"ఊగలేదే!" అన్నాడు భార్యతో. "నా చేతులతోనే నడిపాను. అడుగు తమ్ముణ్ణి."

"ఊగలేదమ్మా" అన్నాడు అన్నయ్య, దేవుడికో దండం పెడుతూ.

వదిన సంతోషంగా సంచి తెచ్చి, సీటు వెనకాల ఉన్న కడ్డీల చట్రం మీదికి ఎత్తి కట్టింది. కాటాయన బయల్దేరాడు. వీధి సగం దాటాడో లేదో హ్యాండిలు కొట్టుకోవడం మా అందరికీ కనపడింది. మనిషి బండి దిగి, తోసుకుంటూ వెనక్కి వచ్చాడు.

వదిన పాపం, తన రెండు చేతులూ తిప్పి చూసుకుంది.

"ఇప్పటిదాకా బాగుంది. నేను సంచి ఎక్కించాను, పాడైంది. నా చేతిలో ఏదైనా దోషముందా ఏమిటి?"

అన్నయ్య ఆమె వంక చూశాడు. సంచి వంక చూశాడు. దుప్పటి పరిచిన తన అర వంక చాలాసేపు చూశాడు. తర్వాత కింద కూలబడి, నోటికి గుడ్డ అడ్డం పెట్టుకుని నవ్వడం మొదలుపెట్టాడు.

"ఏమండీ" అంది వదిన కంగారుగా.

"రోగిని పరీక్షిస్తున్నా అనుకున్నానే. వచ్చినప్పుడల్లా రోగాన్ని తీసి అర మీద పెట్టి, రోగిని చూసి బాగున్నావు పొమ్మన్నాను. పైగా ఆ రోగాన్ని నువ్వు తుడిచి, జాగ్రత్తగా తిరిగి ఎక్కించావు."

లేచి, చట్రం మీది సంచిని తట్టాడు. "ఈ చట్రం కొత్తదిలా ఉందే. సంచి ముందు ఎక్కడ ఉండేది అన్నగారూ?"

"ట్యాంకు మీద, నా ముందు."

"వెనక చక్రాన్ని దాటి ఇంత బరువు వేలాడితే, ముందు చక్రం తేలికైపోతుంది. నేలని గట్టిగా పట్టుకోదు. వేగం పెరగ్గానే తల ఊపుతుంది. చట్రం ఎవరు పెట్టించారు?"

కాటాయన భార్య కొంగు సర్దుకుంది.

"నేనే" అంది. "ఈయనకి పొట్ట పెరిగింది. ట్యాంకు మీద సంచి పొట్టకి ఒరుసుకుంటోందని, పాపం కదా అని వెల్డింగు ఆయన చేత చేయించాను."

"మంచికే చేయించారు వదినగారూ" అన్నాడు అన్నయ్య. ఆయనకి ఎవరినీ దోషిలా నిలబెట్టడం చేతకాదు. సంచిని ట్యాంకు మీదికి మార్చి కట్టాడు. కాటాయన వీధి చివరిదాకా వెళ్లి తిరిగొచ్చాడు. బండి గీత గీసినట్టు వచ్చింది.

"జీవితమంతా జనం తూకాలు సరిచేశారు," అంది వదిన, "సొంత బండి ఎటు మొగ్గిందో కనిపెట్టలేకపోయారు."

"దీనికి ముల్లు లేదమ్మా" అన్నాడు కాటాయన.

అన్నయ్య ఇప్పటికీ బండిని ఖాళీ చేస్తాడు. కానీ ట్రయలుకి వెళ్లేముందు అన్నీ మళ్లీ ఎక్కిస్తాడు. ఎవరివో టిఫిను డబ్బాలూ, గొడుగులూ, కూరగాయల బుట్టలూ మోసుకుంటూ ఆయన వీధి చివరిదాకా వెళ్తుంటే, కొత్తవాళ్లు ఇల్లు మారుతున్నాడనుకుంటారు.

ఆ రోజు మాత్రం కాటాయన వెంటనే వెళ్లలేదు. బండి నా కొట్టు ముందు ఆపాడు. ఒట్టు గట్టు మీద పెట్టి వెనక కూర్చున్న భార్య, "మళ్లీ ఏమైంది?" అంది.

"ఇలా తే అమ్మాయ్" అన్నాడాయన నాతో.

ఇచ్చాను. సూదిని వెలుతురుకి ఎత్తి పట్టుకున్నాడు. దారం ఒక్కసారికే వెళ్లింది. ఆయన భార్య ఆయన భుజం మీదుగా కళ్లురిమి చూస్తూనే ఉంది.