గోడ పక్క, టీకొట్టు పక్క

ఆళ్లగడ్డలో నంద్యాల రోడ్డు మీద ఉన్న లక్ష్మన్న షెడ్డులో ఒక కట్టుబాటు ఉంది. బ్రేకుల పని చేసిన ఏ కారైనా సరే, ఆయన భార్య భ్రమరాంబిక "రాయి" అనందే బయటికి పోదు. బ్రేకు ఆయిల్లో చొరబడిన గాలి తీయడానికి లక్ష్మన్న చక్రం దగ్గర పడుకుంటే, సీట్లో కూర్చుని పెడల్ తొక్కేది ఆమె. "తొక్కు" అంటే తొక్కుతుంది, "పట్టు" అంటే కాలు కదపదు. పెడల్ కాలికింద రాయిలా నిలబడితేనే ఆ మాట అంటుంది. పెళ్లయిన కొత్తల్లో మనిషి దొరక్క కూర్చోబెట్టాడు మహానుభావుడు; అప్పటినుంచీ ఆయన ఇంకొకరిని వెతికిన పాపాన పోలేదు. అంతమాత్రాన ఆమెకు కారు నడపడం వచ్చనుకునేరు! నిలబడ్డ కారులో తప్ప ఆమె ఏ పెడల్ మీదా కాలు పెట్టలేదు.

ఆ షెడ్డులో కుడి ఎడమలు కూడా లేవు. ఒక పక్క గోడ, ఇంకో పక్క టీకొట్టు. కార్లు ఎప్పుడూ ముక్కు లోపలికి పెట్టే వస్తాయి కాబట్టి ఎడమ చక్రం గోడ పక్కది, కుడి చక్రం టీకొట్టు పక్కది. మొగుడూ పెళ్లాలకు ఆ లెక్క చాలు.

లూదియా సొంత కారు బాడుగకు తిప్పుకునే మనిషి. ఆ కారు ముందు చక్రాల కాలిపర్లు, అంటే ప్యాడ్లను నొక్కి చక్రాన్ని ఆపే దిమ్మలు, తుప్పుపట్టి బిగుసుకుపోయాయి. భ్రమరాంబిక బస్సెక్కి నంద్యాల పోయి కొత్తవి తెచ్చింది. ఇది ఎడమది, ఇది కుడిది అని స్పేర్ పార్టుల కొట్టాయన చూపిస్తే, సుద్దముక్కతో ఒకదాని మీద "గోడ" అనీ ఇంకోదాని మీద "టీ" అనీ రాసుకుంది. లక్ష్మన్న ఆ రాత చూసి బిగించేశాడు.

"ఈసారి గాలి తీసే నట్టు చేతికి బలే అందుతాందిమే" అని మురిసిపోయాడు కూడా.

తొక్కు, పట్టు. తొక్కు, పట్టు. ఆయిల్ బుడగల్లేకుండా తేటగా వచ్చింది. అయినా పెడల్ మెత్తగా లోపలికి పోతూనే ఉంది. వరసగా తొక్కితే పైకొస్తుంది, కాసేపాగి తొక్కితే మళ్లీ కిందికే. ఆయిల్ డబ్బా అయిపోతే ఇంకోటి తెప్పించారు. పైపులన్నీ తడిమి చూశారు, ఎక్కడా కారడం లేదు.

లూదియా ఆ మధ్యాహ్నం ఎగువ అహోబిలానికి బాడుగ ఒప్పుకుని ఉంది. చంటిపాపతో ఒక కుటుంబం బస్టాండులో కాచుకుని ఫోను మీద ఫోను చేస్తోంది.

"బేగా కానీ అన్నా! వాళ్లు ఇంగో బండి చూసుకుంటామంటాండారు" అంది లూదియా.

లక్ష్మన్న చెమటా చిరాకూ కలిసి మండిపోతున్నాడు. "కొత్త ప్యాడ్లు గదా, కొంచెం తిరిగితే అదే సర్దుకుంటాది. దిగుమే" అన్నాడు.

"దిగను."

"ఏందీ?"

"ఇంగా రాయి కాల్యా. గాలి ఉండాది. ఆ కొండ దిగేటప్పుడు పెడల్ లోపలికి పోతే ఆ పాప గతేంది?"

"మెకానిక్ నువ్వా, నేనా?"

"నువ్వే. తొక్కేది మాత్రం నేను."

స్టీరింగ్ రెండు చేతులా పట్టుకుని కూర్చుంది. లోపల మాత్రం ఈ బాడుగ పోతే లూదియా ఉసురు తనకే తగులుతుందని భయం. దిగిపోతే ఏమవుతుందోనన్న భయం అంతకంటే పెద్దది. లూదియా ముఖం చూడలేక కిటికీ వైపు తల తిప్పుకుంది.

కిటికీలో గోడ కనిపించింది.

ఇన్నేళ్లూ ఏ కారెక్కినా ఆ పక్క కిటికీలోంచే టీగ్లాసు అందుకున్న మనిషి ఆమె. గోడ ఎక్కణ్ణించి వచ్చింది? అప్పుడు గుర్తొచ్చింది. పని కాగానే తొందరగా బయటపడొచ్చని లూదియా ఆ పొద్దున కారును రివర్సులో లోపలికి పెట్టింది.

"అయ్యో, నా మతి మండ! యోవ్, కారు ఎనక్కి తిరిగుండాది. గోడది గోడ పక్కే కట్టినావు!"

లక్ష్మన్న వంగి చూశాడు. కుడిది ఎడమకూ, ఎడమది కుడికీ పడ్డాయి. పైన ఉండాల్సిన నట్టు కిందికొచ్చింది. గాలేమో పైకి చేరి కూర్చుంటుంది. కింది నట్టు విప్పితే ఆయిల్ వస్తుంది గానీ గాలెట్లా వస్తుంది? నట్టు చేతికి బాగా అందింది ఇందుకే. ఆయన నెత్తి కొట్టుకున్నాడు.

"రాసింది నేను. తప్పు నాదే" అంది భ్రమరాంబిక.

"కట్టింది నేను గదా. కండ్లు యాడ పెట్టుకున్న్యానో!"

ఇద్దరూ కలిసి మార్చి కట్టారు. నట్టు విప్పగానే బుసబుసమని బుడగలు వచ్చాయి. తొక్కు, పట్టు. తొక్కు, పట్టు. పెడల్ కాలికింద కదలకుండా నిలబడిపోయింది.

"రాయి" అంది భ్రమరాంబిక, కళ్లు తుడుచుకుంటూ.

అదృష్టం, బస్టాండులో వాళ్లు ఇంకా కాచుకునే ఉన్నారు. లూదియా కారును రోడ్డెక్కించి ఆపింది. "అక్కా, ముందు సీటు ఖాళీగుండాది, రా. నువ్వు తొక్కిన బ్రేకు మీద నువ్వూ ఒగసారి కొండ దిగుదువు."

దర్శనం చేసుకుని కొండ దిగుతుంటే ఒక మలుపులో బస్సు ఎదురైంది. లూదియా బ్రేకు తొక్కింది. కారు ఒద్దికగా నిలిచింది. వెనక సీట్లో తల్లి ఒడిలో ఉన్న పాప నిద్ర కూడా లేవలేదు.

బస్సు దాటిపోయాక లూదియా పక్కకు చూసి నవ్వింది. తన ముందు పెడల్ ఏదీ లేకపోయినా భ్రమరాంబిక కుడికాలు కారు నేలను అదిమిపట్టి ఉంది.

"కాలు తియ్యక్కా."

"ముందు నువ్వు తియ్" అంది భ్రమరాంబిక.