అక్క పేరున్న వరస

ఆదివారం ఆరాధనకి బయలుదేరుతుంటే ఫోనొచ్చింది. మా ఆఫీసులో కంప్యూటర్లు చూసే అక్క ఇక లేదన్నారు. ముందురోజు సాయంత్రం "సోమవారం కలుద్దాం పాపా" అని వెళ్ళిన మనిషి! ఒక చెప్పు కాలికి, ఒక చెప్పు చేతిలో, అలాగే గడపలో కూలబడ్డాను.

జువ్వలదిన్నె రేవు పక్కన మాది చిన్న ఆఫీసు. పడవల వివరాలన్నీ లైనక్స్ కంప్యూటర్లలో ఉంటాయి. ఆ ఉప్పుగాలికి ఏ యంత్రమూ ఎక్కువకాలం మన్నదు. అందుకే ఫైళ్ళకు నకళ్ళు తీసిపెట్టే మంచి బ్యాకప్ సాధనాన్ని ఎంచే పని అక్క నెత్తినేసుకుంది. నేను రంగురంగుల తెరలున్నవి చూపించి మురిసిపోయేదాన్ని. "దాచుకునేదైతే అన్నీ దాచుకుంటాయి పాపా. తిరిగిచ్చేదేదో చూడు" అనేది.

ప్రతి సాధనానికీ ఆమె ఒక పరీక్ష పెట్టేది. చనిపోయిన తన నాయన ఫొటోలకు నకలు తీయించి, అసలువి చెరిపేసేది. "అయ్యో అక్కా!" అని నేను అరిస్తే నవ్వేది. "పోయినా పర్లేదనుకునే ఫైలు పెడితే మనకి భయం యాడుంటది? ఇంట్లో ఇంకో కాపీ ఉండాదిలే, నాకేమన్నా పిచ్చా?"

నకలులోంచి తిరిగొచ్చిన ప్రతి ఫైలు పక్కనా పాత తేదీ ఉందా, ఆ ఫైలు ఎవరిదో వాళ్ళ పేరుందా అని తెరమీద వేలు పెట్టి చూసేది. అవి పోగొట్టే సాధనం ఎంత వేగంగా పనిచేసినా వద్దనేది. చివరికి హంగులేమీ లేని, కమాండ్లతో నడిచే పాతదాన్నే ఎంచింది.

భూస్థాపన అయ్యాక, ఆఫీసు పద్ధతి ప్రకారం కంప్యూటర్లలో ఆమె ఖాతా తీసేశారు. కొన్నాళ్ళకి డిస్కు చెడింది. ఆమె ఎంచిన సాధనంతోనే అన్నీ వెనక్కి తెచ్చాను. ఒక్కటీ పోలేదు. కానీ ఆమె ఫైళ్ళ పక్కన, పేరుండాల్సిన చోట, ఉత్త అంకె ఉంది. ఖాతా లేని మనిషి కంప్యూటర్‌కి అంకె మాత్రమే. మీరు నవ్వుకుంటారేమో, నేను మాత్రం భోరున ఏడ్చాను. తిరిగిచ్చేదేదో చూడమన్నావు కదక్కా, నిన్ను తిరిగిచ్చేది యాడుండాది?

కళ్ళు తుడుచుకుని, అదే అంకెతో ఆమె ఖాతా మళ్ళీ తెరిచాను. ఎవరూ లోపలికి పోకుండా తాళం వేసి, పేరు కోసమే ఉంచాను. మళ్ళీ చూస్తే పైనుంచి కిందిదాకా అక్క పేరే. తేదీలూ ఆమె ఉన్నప్పటివే.

ఆమెలాగే తెరమీద వేలు పెట్టి, ఒక్కొక్కటే చూసుకుంటూ కిందికి వచ్చాను. అన్నిటికన్నా చివర వాళ్ళ నాయన ఫొటోలు, పక్కన అక్క పేరు. వేలు తీయబుద్ధి కాలేదు.